ఉప్పు

చాలా రోజులుగా ఈ పుటలో కొత్త టపా లేదేమని అడిగిన మిత్రులందరికీ "ఇంట్లో అస్వస్థత" అని ఒకే మాట చెప్పి తప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం కాదు గాని, పూర్తి నిజమూ కాదు. ఛందస్సు గురించీ, జాతీయాల గురించీ వ్రాసుకునే చోట వంటింటి ముచ్చట్లేమిటన్న సంకోచం ఒకటి. వ్రాస్తే నా తప్పులు నేనే ఒప్పుకోవలసి వస్తుందన్న జంకు మరొకటి. ఇవాళ ఆ రెండింటినీ పక్కన పెడుతున్నాను. నా వయసు మిత్రులు ఇక్కడ చదివేవారిలో చాలామందే ఉన్నారు. వారిలో ఏ ఒక్కరికైనా రేపు అక్కరకు రావచ్చు.

2023 సంక్రాంతికి రెండు రోజుల ముందు, కుల్కచర్లలో మా ఇంటి వసారాలో తెల్లబట్ట పరచి మా ఆవిడ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు సకినాలు చుడుతున్నారు. నేను కుర్చీలో కూర్చుని పత్రిక చదువుకుంటున్నాను. ఆమె చుట్టే సకినం మాటిమాటికీ తెగుతున్నది. నలభై ఏళ్లుగా ఆమె చేతిలో పిండి తీగ తెగడం నేనెరుగను. "చెయ్యి తిమ్మిరెక్కింది" అన్నది. మరి కాసేపటికి ఇంకేదో చెప్పబోయింది, మాట రాలేదు. మూతి ఎడమ పక్కకు లాగింది. కుడిచేయి బట్ట మీద అట్లాగే పడి ఉండిపోయింది.

అప్పుడు మేము చేసిన మొదటి పని ఆమె తల ఎత్తి గ్లాసెడు నీళ్లు తాగించడం. సొమ్మసిల్లిన మనిషికి నీళ్లు పట్టడం మన రక్తంలోనే ఉన్నది కదా! ఆ నీళ్లు పొలమారి, ఉక్కిరిబిక్కిరై, కళ్లు తేలవేసింది. పక్షవాతం వచ్చిన మనిషి నోట్లో, మింగగలుగుతున్నదని వైద్యులు పరీక్షించి చెప్పేదాకా, ఒక్క చుక్క నీరు గాని, మాత్ర గాని వేయరాదని ఆ తరువాత తెలిసింది. అంగిలి, నాలుక, గొంతు కండరాలు కూడా చచ్చుబడి ఉండవచ్చు. అన్నవాహికలోకి పోవలసినది ఊపిరి గొట్టంలోకి పోతుంది, అక్కడినుండి న్యుమోనియా. పక్షవాతం వచ్చిన తొలి రోజులలో దాదాపు సగం మందికి ఈ మింగుడు కష్టం ఉంటుందట.

రెండవ తప్పు కాలం విషయంలో. ఆకు పసరు పోసే వారొకరున్నారని ఎవరో అన్నారు. పావురం నెత్తురు పూస్తే చేయి లేస్తుందని ఇంకెవరో అన్నారు. ఆ తర్జనభర్జనలోనే గంటకు పైగా పోయింది. నేను చదువుకున్నవాడిని, నలుగురికి చెప్పవలసినవాడిని, నోరు మెదపలేదు. తరువాత పరిగి, అక్కడినుండి చేవెళ్ల మీదుగా హైదరాబాదు. మెదడులో నెత్తురు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి, ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలట. మేము చేరేటప్పటికి ఆరు గంటలు దాటింది. "కొంచెం ముందు వచ్చి ఉంటే" అని ఆ యువ వైద్యుడు మొదలుపెట్టి, నా ముఖం చూసి, వాక్యం పూర్తి చేయలేదు. ఆ అసంపూర్ణ వాక్యం నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

అర్ధాంగి అన్న పదానికి విగ్రహవాక్యం ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద వ్రాసినవాడిని. కుడి సగం కదలని ఆ మనిషి మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ పదం తలపునకు వచ్చి, నా మీద నాకే రోత పుట్టింది.

పదకొండు రోజులు ముక్కుగొట్టంతోనే ఆహారం. ఆ తరువాత ఒక అమ్మాయి వచ్చి, ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం ఎదకేసి వంచి, చెంచాతో చిక్కని జావ ఇచ్చి, గొంతు మీద వేలు ఆనించి చూసింది. నీళ్ల కంటె జావ సులువన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. నీరు వేగంగా జారిపోతుంది. బలహీనపడిన గొంతు సర్దుకునేలోపే దారి తప్పుతుంది. చిక్కనిది నెమ్మదిగా కదులుతుంది, గొంతుకు వ్యవధి ఇస్తుంది. అందరికీ ఒకే చిక్కదనం పనికిరాదు; చూసి చెప్పవలసినవారు చెప్పాలి. తిన్న తరువాత అరగంటైనా పడుకోబెట్టకూడదు. చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, అవి ఉన్నట్టు ఆమెకు తెలియదు. వేలికి తడిబట్ట చుట్టి తీయాలి. నోరు శుభ్రంగా లేకపోతే ఆ క్రిములే ఊపిరితిత్తులకు చేరుతాయి. ఇంతవరకు భోజనమంటే విస్తట్లో ఏమున్నదన్నదే నా దృష్టి. గొంతు దాకా దాని ప్రయాణం ఒక విద్య అని అరవై దాటాక నేర్చుకున్నాను.

ఇంటికి పంపుతూ ఒక కాగితం ఇచ్చారు. అంతా ఆంగ్లం. ఓట్లు, ఆలివ్ నూనె, బ్లూబెర్రీలు, సాల్మన్ చేప. కుల్కచర్ల సంతలో బ్లూబెర్రీలు అడిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ కాగితాన్ని మడిచి నిఘంటువులో పెట్టి, నాకు తెలిసిన పథ్యం మొదలుపెట్టాను. ఇది నా మూడవ తప్పు. తక్కిన రెండింటికంటె పెద్దది, ఎందుకంటే రెండు నెలలు సాగింది.

లంఖణం పరమౌషధమని ఎన్నిసార్లు పిల్లలకు అప్పజెప్పించానో లెక్కలేదు. చుట్టాలూ అదే పాట. కందిపప్పు వాతం, పెరుగు శైత్యం, గుడ్డు వేడి, పాలు కఫం. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నది గనుక ఆకుకూరలు ముట్టకూడదని ఒక దూరపు బంధువు ఫోనులో ఆజ్ఞాపించాడు. ఇక మిగిలిందేమిటి? పలచని జావ, సోరకాయ ముక్కలు. మౌనంగా పెట్టాను, మౌనంగా తిన్నది. మాట ఉంటే తిట్టి ఉండేది.

వ్యాయామం చేయించడానికి పరిగి నుండి వచ్చే కుర్రవాడు ఒకనాడు ఆమెను నిలబెట్టబోయి ఆగిపోయాడు. "సార్, ఏమనుకోకుండ్రి. అమ్మకు తిండి పెడుతున్నరా?" అన్నాడు. నా జీవితంలో ఇంతకంటె పెద్ద అవమానం లేదు. ఇంతకంటె మేలు చేసిన ప్రశ్నా లేదు. తూచి చూస్తే యాభైనాలుగు కిలోల మనిషి నలభైఆరు కిలోలకు దిగింది.

మరునాడే హైదరాబాదు వెళ్లి వైద్యుని ఎదుట కూర్చుని, పిల్లవాడి వలె కాగితం మీద ప్రశ్నలు వ్రాసుకుని అడిగాను. ఆయన ఓపికగా చెప్పినదీ, తరువాత మా మేనల్లుడు అమెరికా నుండి పంపిన పత్రాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి అర్థం చేసుకున్నదీ కలిపి చెబుతాను.

మెదడు బరువు శరీరంలో నూటికి రెండు పాళ్లే. శరీరం ఖర్చుపెట్టే శక్తిలో మాత్రం అయిదవ వంతు అదే తీసుకుంటుంది. చచ్చిన కణాలు తిరిగి బ్రతకవు. ఏ ఆహారమూ, ఏ లేహ్యమూ వాటిని లేపదు. జరిగేది వేరు. బ్రతికి ఉన్న పొరుగు కణాలు పోయినవారి పనిని కొంత నేర్చుకుంటాయి. అది చదువు వంటిదే: మళ్లీ మళ్లీ చేయిస్తే వస్తుంది, మానేస్తే పోతుంది. తొలి మూడు నెలలలో ఈ చదువు త్వరగా సాగుతుంది. ఆ వ్యాయామానికి ఒంట్లో సత్తువ కావాలి, కండ నిలవడానికి మాంసకృత్తులు కావాలి. మంచం పట్టిన మనిషి కండ ఎట్లాగూ కరుగుతుంది. నేను ఆకలితో దాన్ని ఇంకా కరిగించాను. ఆ మూడు నెలలలో రెండు నెలలు నా పథ్యం మింగేసింది.

అట్లాగని బలం పొడులు డబ్బాల కొద్దీ పోసినా లాభం లేదట. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో, పదిహేను దేశాలలో పక్షవాతం వచ్చిన నాలుగువేల మందికి పైగా జనాన్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మామూలు ఆసుపత్రి భోజనం, మరొక జట్టుకు దానితోపాటు బలవర్ధక పానీయాలు ఇచ్చి చూశారు. మామూలుగా తింటున్నవారికి ఆ పానీయాలు అదనంగా ఒరగబెట్టిందేమీ కనబడలేదు. తిండి చాలక చిక్కినవారి సంగతి వేరు; వారిని చూసి, విడిగా పెట్టాలి.

ఆకుకూరల నిషేధం మాట కూడా అడిగాను. అది వార్ఫరిన్ అనే మందు వేసుకునేవారికి సంబంధించినదట. ఆకుకూరలలోని కె విటమిను ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. వారు సైతం పూర్తిగా మానేయనక్కరలేదు, రోజూ ఒకే మోతాదులో తినాలి. మా ఆవిడకు ఇచ్చింది ఆస్పిరిన్. దానికీ ఆకుకూరలకూ ఈ తగాదా లేదు. ఎవరి ఇంటి రోగికో చెప్పిన మాట ఫోను తీగ వెంట మా ఇంటికి వచ్చి పుంటికూరను వెళ్లగొట్టింది.

షికాగోలోని రష్ విశ్వవిద్యాలయంవారు 2015లో మెదడు కొరకని ఒక భోజన పద్ధతిని ప్రకటించారు, మైండ్ అని పేరు. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని ధాన్యాలు, గింజలు, చేప ఎక్కువ. వెన్న, వేపుళ్లు, మిఠాయి తక్కువ. పక్షవాతం వచ్చి కోలుకున్నవారిని వందమందికి పైగా కొన్నేళ్లు గమనించి, ఈ విధంగా తినేవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచన నెమ్మదిగా తగ్గుతున్నాయని వారే 2019లో వ్రాశారు. నాకు ఎంత సంతోషమైందో! కాని 2023లో అదే పద్ధతిని ఆరువందల మంది వృద్ధుల మీద మూడేళ్లు పరీక్షించిన ఫలితం వస్తే, మరొక మామూలు జాగ్రత్త భోజనంతో పోల్చినప్పుడు చెప్పుకోదగిన తేడా కనబడలేదు. వారు పక్షవాత రోగులని కాదు, అయినా నా సంతోషం సగమైంది. వైద్యుడు మాత్రం, "సార్, ఈ తిండి మెదడును బాగుచేస్తుందని నేను చెప్పలేను. రెండో దెబ్బ తగలకుండ చూస్తే, మొదటి దెబ్బనుంచి అదే తేరుకుంటది" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది.

ఆ ఆంగ్ల కాగితాన్ని నిఘంటువులోనుండి తీసి అప్పుడు అనువదించుకున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చేసిన అనువాదాలలో ఇదొక్కటే ఎవరికైనా పనికివచ్చింది. ఓట్లకు బదులు జొన్న గట్క. సాల్మనుకు బదులు కోడిగుడ్డు, చెరువు చేప దొరికినప్పుడు చేప. బాదాములకు బదులు నానబెట్టి మెత్తగా నూరిన పల్లీలు. మాంసకృత్తులకు కందిపప్పు; మాకు కూతవేటు దూరాన తాండూరు ఉండగా వేరే వెతకడమెందుకు? ఆ తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అప్పుడు పత్రికలో చదివి గర్వపడ్డాను. నెల తిరగకుండానే ఆ పప్పును వాతమని మా ఇంటినుండే బహిష్కరించాను. చదివిందొకటి, చేసిందొకటి.

జొన్నరొట్టె మొదట గొంతు దిగలేదు. పొడిగా పెళుసుగా ఉండేది దారి తప్పుతుంది. పప్పులో నానబెట్టి, వేళ్లతో పిసికి ముద్ద చేసి పెట్టేవాడిని. నా రొట్టెల ఆకారం గురించి అడగకండి. అక్క ఒకసారి వచ్చి చూసి, "తమ్మీ, ఇది రొట్టెనా, తెలంగాణ పటమా?" అన్నది.

ఇక ఉప్పు సంగతి. రక్తపోటు ఆమెకు ఆరేడేళ్లుగా ఉన్నదే. మాత్ర గుర్తున్ననాడు వేసుకునేది. తొక్కు లేనిదే ముద్ద దిగదు. మామిడి తొక్కు, చింతకాయ తొక్కు, ఊరబెట్టిన మిరపకాయలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనిషికి రోజుకు అయిదు గ్రాములలోపు ఉప్పు, అంటే చిన్న చెంచాడు, అన్నీ కలిపి. మా ఇంట్లో అది ఒక పూటకు సరిపోయేది కాదు. వైద్యుడు తగ్గించమన్నాడు. నేను తగ్గించడమంటే తీసివేయడమనుకుని పూర్తిగా తీసేశాను. నా వ్యాకరణంలో మధ్యేమార్గం లేదు.

ఆమె మాటలు అప్పటికి నాలుగో అయిదో. "అవు", "ఒద్దు", "అగో". వైద్యులు మొదటనే ఆమెకు ఎన్ని భాషలు వచ్చునని అడిగారు. తెలుగు కాక, బాల్యం తాండూరులో గడిచినందువలన ఉర్దూ ధారాళంగా, కన్నడం కొంత వచ్చునని చెప్పాను. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రకటించినది తరువాత చదివాను: ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో నూటికి నలభైమందికి ఆలోచనాశక్తి చెక్కుచెదరకుండా మిగిలింది, ఒకే భాష వచ్చినవారిలో ఇరవైమందికే. మాట పోవడంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా లేదు. మా ఆవిడ కళ్లు చూస్తే అన్నీ తెలుస్తున్నవని నాకూ అనిపించేది. మాట రూపంలో బయటికి రావడమే లేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం. పప్పు, గట్క కలిపి ముద్ద పెట్టాను. నమలలేదు. నా ముఖంలోకి చూసింది. ఎడమచేత్తో గిన్నె పక్కకు నెట్టింది. పెదవులు రెండుమూడుసార్లు కూడుకున్నాయి, విడిపోయాయి. చివరకు "ఉప్పు" అన్నది.

స్పష్టంగా. ద్విత్వ పకారంతో సహా.

నేను చెంచా కిందపెట్టి ఏడ్చాను. ఆమె నా ఏడుపు పట్టించుకోకుండా, ఇంకా గట్టిగా, "ఉప్పు!" అన్నది. మూడు నెలల తరువాత వచ్చిన తొలి నామవాచకం. అడిగింది ఇవ్వనా, మాననా? ఇస్తే మాటకు బహుమానం. ఇవ్వకపోతే, మాట్లాడి ప్రయోజనం లేదని ఆమెకు నేర్పినట్టు. చిటికెడు వేశాను. తిన్నది. ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నది. అన్నాళ్లూ ఆమె తిండి తగ్గడానికి నా చప్పిడి కూడా ఒక కారణమని నాకు తట్టనే లేదు.

వైద్యునికి దాచకుండా చెప్పాను. నవ్వి, "అసలు వద్దని నేను చెప్పలేదు కద సార్" అన్నాడు. సైంధవ లవణం వాడవచ్చునా అని అడిగాను. గులాబీ రంగు వేసుకున్నా అదీ సోడియమే అన్నాడు. మరి మేనల్లుడు చెప్పిన పొటాషియం కలిపిన ఉప్పో? ఉత్తర చైనాలో ఆరువందల గ్రామాలలో ఇరవైవేల మందికి పైగా జనం మీద అయిదేళ్లు చూశారు. వారిలో ఎక్కువమంది అంతకుముందు పక్షవాతం వచ్చినవారే. సగం గ్రామాలకు మామూలు ఉప్పు, సగానికి నాలుగవ వంతు పొటాషియం ఉప్పు కలిపినది. రెండవ రకం తిన్న గ్రామాలలో పక్షవాతాలు నూటికి పద్నాలుగు పాళ్లు తగ్గాయని 2021లో వెల్లడించారు. మనవంటి పల్లెలు, మనవలె ఇంట్లో వండుకునే మనుషులు గనుక నాకు ఆశ కలిగింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇటువంటి ఉప్పును సిఫారసు చేసింది, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని మినహాయించి. కాని వైద్యుడు ఆమె రక్తపరీక్షలు చూసి వద్దన్నాడు. ఆమె వేసుకునే రక్తపోటు మాత్ర పొటాషియంను ఒంట్లో నిలిపి ఉంచే తరహాది. రెండూ కలిస్తే గుండెకు ముప్పు. అంగట్లో దొరుకుతుంది గదా అని నేనే కొనుక్కువచ్చి ఉంటే నాలుగవ తప్పు అయ్యేది.

మిగిలింది కొలత. నెల మొదటి తారీఖున కిరాణా త్రాసులో తూచి, ఒక సీసాలో మూడువందల గ్రాముల ఉప్పు పోస్తాను. ఇద్దరికి, ముప్పై రోజులకు, అన్నిటికీ అదే. జొన్నరొట్టెలో మేము ఉప్పు వేయము గనుక ఆ మేరకు ఆదా. పచ్చిపులుసులో చింతపండు, ఉల్లిగడ్డ, కొత్తిమీర ఎక్కువ వేస్తే ఉప్పు లోటు కొంత కప్పిపుచ్చుకోవచ్చు. పప్పులో నిమ్మరసం, ఎల్లిగడ్డ. ఉప్పు కూరతోపాటు ఉడికించక, దించిన తరువాత పైన చల్లితే తక్కువతోనే నాలుకకు తెలుస్తుంది. ఈ కిటుకు అక్క చెప్పింది. తొక్కు మాత్రం ఆదివారాలు, గోరంత.

ఆ ఏడాది వానాకాలంలో ఆమె తొలి వాక్యం చెప్పింది: "కూరల ఉప్పు లేదు." నామవాచకాలు వచ్చినా విభక్తులు రావడానికి మరి మూడు నాలుగు నెలలు పట్టింది. 'లోన్' వ్యాకరణంలో షష్ఠీ విభక్తి పట్టికలో ఉంటుంది. మా ప్రాంతపు పిల్లలు పరీక్షలో 'కూరల' అని వ్రాస్తే ముప్పై ఏళ్లు ఎర్రసిరాతో కొట్టేసి 'కూరలో' అని దిద్దాను. ఆనాడు దిద్దలేదు.

ఇప్పుడు కర్రసాయంతో వాకిలి దాకా నడుస్తుంది. కుడిచేయి భుజం వరకు లేస్తుంది, వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. సకినాలు చుట్టలేదు. బరువు యాభైరెండు కిలోలు. పేర్లు తారుమారవుతాయి, నన్ను ఒక్కొక్కసారి మా బావమరిది పేరుతో పిలుస్తుంది, సర్దుకుపోతున్నాను. అంకెలు అన్నిటికంటె కష్టం. పదికి పైన లెక్కపెట్టమంటే విసుక్కుంటుంది.

పోయిన నెల అక్క కొత్త మామిడి తొక్కు పట్టుకువచ్చింది. ఆదివారాల కట్టుబాటు కాస్త సడలింది. తొక్కులోని ఉప్పుకు సీసాలోనుండి తీసి పారబోసి లెక్క సరిచేస్తాను గనుక, ఇరవైఆరవ తారీఖుకే సీసా అడుగంటింది. ఆ రాత్రి పప్పు చప్పగా ఉన్నది. ఆమె ఒక ముద్ద తిని, సీసా వైపు చూసి, గోడ మీది క్యాలెండరు వైపు చూసి, ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచింది.

"ఇగో, ఇంక నాలుగు దినాలున్నది" అన్నది.